మిల్లు ఆగితే అది కరువు కాదా?

మా వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా పుస్తకాలన్నీ ఒక పాత రేకు డబ్బాలో ఉంటాయి. ఇంటికొకటి. దాని జత ఇంట్లో ఉంటుంది. సరుకు తెచ్చుకున్నప్పుడల్లా షావుకారు రెండిట్లోనూ రాస్తాడు, జీతం రోజున కొట్టేస్తాడు. పోయిన నవంబరులో మా ఊరి గోనెసంచుల మిల్లు గేటుకి లాకౌట్ (యాజమాన్యమే పని ఆపి గేటు మూసేయడం) నోటీసు అంటించిన మూడు వారాలకి మా ఎదురింటి వదిన తన పుస్తకం పట్టుకుని వచ్చింది.

"కూడికలో ఏదో తేడా ఉన్నట్టుంది, ఓపాలి సూసి పెట్టవా" అంది.

నేను విజయనగరంలో ఒక ఆడిటర్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. వీధిలో ఎవరికి లెక్క తేలకపోయినా నా దగ్గరికే వస్తారు. కూడిక సరిగ్గానే ఉంది. కానీ పేజీలు తిప్పుతుంటే వారానికొక సరుకు మాయమవుతూ వచ్చింది. దీపావళి దాకా రోజూ అర లీటరు పాలు, వారానికి డజను గుడ్లు, పావుకిలో వేరుశనగ గుళ్ళు, చిన్నవాడి బిస్కెట్లు ఉన్నాయి. నోటీసు పడిన మొదటి వారం గుళ్ళు లేవు, బిస్కెట్లు లేవు. రెండో వారం గుడ్లు లేవు. మూడో వారానికి అర లీటరు పాలు పావు లీటరుకి దిగాయి. బియ్యం, ఉప్పు, చింతపండు, నూనె మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే పెద్దవాళ్ళ కడుపు నింపేవి అలాగే ఉన్నాయి, పిల్లల ఒంటికి పట్టేవి ఒక్కొక్కటే పోయాయి. వదినకి ఇద్దరు. పాప ఏడో తరగతి, బాబుకి నాలుగేళ్ళు.

"గుడ్లు ఆపేశారా?" అని అడిగాను.

"ఏటి సేస్తాం మరి. ఏడి సేస్తాదని సెప్పినాను పిల్లలకి."

ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ కూడా సరిగ్గా అదే మాట చెప్పింది. మా నాన్న అదే మిల్లులో స్పిన్నింగ్‌లో చేసేవాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా మిల్లు నెలల తరబడి మూతపడింది. గుడ్డు వేడి చేస్తుందని, పాలు తాగితే కఫం పడుతుందని అమ్మ చెప్పేది. నేను నమ్మాను. పెళ్ళయ్యాక నా కొడుక్కి గుడ్డు పెడుతున్న రోజు అత్తగారితో "ఇది వేడి కదా" అన్నాను కూడా. ఆవిడ విచిత్రంగా చూసింది. అప్పటికిగానీ మా అమ్మ ఎందుకలా అన్నదో నాకు వెలగలేదు.

ముప్పై ఏళ్ళ తర్వాత మరో తల్లి మరో పిల్లకి అదే అబద్ధం చెప్పాల్సి వచ్చిందంటే, ఈ మధ్యలో మేము చట్టసభల వాళ్ళని ఏమడిగినట్టు?

మాంద్యం అనే మాట పేపర్లో చదువుతాం గానీ మా ఊళ్ళో ఎవరి నోటా వినబడదు. "మిల్లు ఆగింది" అంటారు. "పని లేదు" అంటారు. "బేరాల్లేవు" అంటారు. పలాస వైపు జీడిపప్పు గిరాకీ పడిపోతే బట్టీలు ఆపుకుంటారు, జీడి పలుకు ఒలిచే ఆడవాళ్ళకి ఆ రోజు నుంచే కూలి ఉండదు. ఉక్కులో కలిపే లోహం చేసే ఫెర్రో కంపెనీల్లో కరెంటు ఛార్జీ గిట్టకపోతే ఫర్నేసులు ఆర్పేస్తారు. మా మిల్లు నోటీసులో సంచులకి ఆర్డర్లు తగ్గాయని, ముడి జనుము రేటు గిట్టడం లేదని రాశారు. తిండి గింజలు గోనెసంచుల్లోనే నింపాలని 1987 నుంచి కేంద్ర చట్టం ఉంది. అంటే మాలాంటి మిల్లులకి అతిపెద్ద ఖాతాదారు ప్రభుత్వమే. సంచికి చట్టం రాసినవాళ్ళకి, ఆ సంచి నేసే ఇంట్లో పిల్లలుంటారని గుర్తు చేయడానికే ఈ వ్యాసం.

బదిలీ వర్కరు అంటే తెలియని వాళ్ళకి ఒక్క మాట. పర్మనెంటు మనిషి రాని రోజున అతని స్థానంలో పనిచేసేవాడు బదిలీ. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, పిలిస్తే పని, లేకపోతే ఇంటికి. మిల్లు మూతపడితే పర్మనెంటు వాళ్ళకి యూనియన్ ఉంది, పాత బకాయిలున్నాయి, రేపో మాపో ఏదో ఒకటి వస్తుందన్న ఆశ ఉంది. బదిలీకి ఆ గేటు తప్ప ఏమీ లేదు. వదిన వాళ్ళాయన బదిలీ. నాలుగో వారం హైదరాబాదులో అపార్ట్‌మెంట్ పనికి బస్సెక్కేశాడు.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండిట్లోనూ పని పోతే మొదటి మందు వలస. చెన్నై, హైదరాబాదు, భువనేశ్వర్, సముద్రం పని తెలిసినవాళ్ళు అయితే గుజరాత్‌లోని వెరావల్. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది పోతే, వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు ఎంతోమంది. ఆ శవాలు ఊళ్ళకి వచ్చిన రోజులు ఇక్కడెవరూ మర్చిపోలేదు. నాయకులంతా వచ్చారు, నష్టపరిహారం ప్రకటించారు. అంతకు ముందు ఆ మనుషులు ఊరొదిలి వెళ్ళేటప్పుడు మాత్రం ఏ నాయకుడూ రాలేదు. రమ్మని మేమూ పిలవలేదు.

పెద్దవాడు వలస పోతే పిల్లల సంగతి రెండు రకాలు. వెంట తీసుకెళ్తే బడి మధ్యలో పోతుంది. నాయనమ్మ దగ్గర వదిలేస్తే పెద్దపిల్ల ఇంటిపనికి, చిన్నవాడిని చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోతుంది. వదిన కూతురు డిసెంబరులో పదకొండు రోజులు బడికి పోలేదు. వదిన ఒక పెళ్ళిళ్ళ వంటమేస్త్రి దగ్గర కూరగాయలు తరిగే పనికి వెళ్తుంటే, తమ్ముడిని చూసుకోవడానికి ఆ పిల్ల ఆగిపోయింది. టీచరు ఫోన్ చేస్తే "జొరం" అని చెప్పింది.

ఇంకో సంగతి. మా వీధిలో కొందరు పిల్లలు ప్రైవేటు బళ్ళలో ఉండేవాళ్ళు. ఫీజు కట్టలేక ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటే, బాకీ కడితేనే టీసీ ఇస్తామన్నారు ఒక బడి వాళ్ళు. ఒక పిల్లాడు అటూ కాక ఇటూ కాక ఇరవై రోజులు గోళీలు ఆడుకుంటూ తిరిగాడు. నిజానికి 2009 విద్యాహక్కు చట్టంలో ఐదో సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది: టీసీ ఆలస్యమైందన్న కారణంతో పిల్లని చేర్చుకోకుండా ఆపకూడదు. ఆ సంగతి తల్లికి తెలియదు. తెలియాల్సినవాళ్ళు చెప్పలేదు. మీ ఊళ్ళో ఎవరైనా ఇలా ఇరుక్కుంటే ఈ ఒక్క వాక్యం ప్రింటు తీసి చేతికివ్వండి.

పిల్లలు ఇలా ప్రైవేటు నుంచి ప్రభుత్వం వైపు రావడం మా వీధి ఒక్కదాని కథ కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశం మొత్తం ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. ఆ తర్వాత ఏడాది, పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వేలో చూస్తే, పల్లెల్లో ప్రభుత్వ బళ్ళలో చదివే పిల్లలు 2018లో 64 శాతం చిల్లర ఉన్నవాళ్ళు 2021కి 70 శాతం దాటారు. ఇళ్ళల్లో డబ్బు తగ్గినప్పుడు జనం ప్రభుత్వ బడి మీద, అంగన్‌వాడీ మీద, రేషన్ మీద ఎక్కువ ఆధారపడతారు. సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికీ పన్నులు తగ్గుతాయి. పిల్లలు పెరిగారు, పద్దు మాత్రం పోయినేటి లెక్క మీదే ఉంటుంది. మా అంగన్‌వాడీ టీచరు నోటీసు పడిన నెలలో తొమ్మిది మంది కొత్త పిల్లలని కూర్చోబెట్టుకుంది. ఇండెంట్, అంటే సెంటరుకి వచ్చే సరుకుల కోటా, పాత సంఖ్యకే వచ్చింది. ఉన్న గుడ్లని సగం సగం కోసి పెట్టింది. ఆవిడ తప్పేముంది?

అసలే మన పునాది గట్టిది కాదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో దాదాపు 31 శాతం వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఐదేళ్ళ ముందు సర్వేలోనూ దాదాపు అంతే. రక్తహీనత ఉన్న పిల్లలు 63 శాతం. మిల్లులు నడిచే రోజుల లెక్క ఇది. నాలుగేళ్ళ పిల్లాడికి ఆరు నెలలు గుడ్డు, పాలు ఆగిపోతే, మిల్లు తెరిచాక రెట్టింపు పెట్టి ఆ ఆరు నెలలు తిరిగి తేలేం. జీతం బకాయి వసూలవుతుంది. ఎముక బకాయి వసూలు కాదు.

డిసెంబరు మొదటి వారంలో మేము ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళాం. ఆ రోజు గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. యూనియన్ వాళ్ళు, వార్డు పెద్దలు, డ్వాక్రా సంఘాల వాళ్ళు, అందరం కలిపి నలభై మంది. చేతిలో వినతిపత్రం. అందులో పద్నాలుగు డిమాండ్లు. మిల్లు తెరిపించాలి, బకాయిలు ఇప్పించాలి, పీఎఫ్ కట్టించాలి, డ్రైనేజీ వేయించాలి, శ్మశానానికి దారి కావాలి... పిల్లల మాట పదమూడో నంబరులో ఒక్క వాక్యం: "కార్మికుల పిల్లలను ఆదుకోవాలి." శాలువా కప్పాం. ఫోటో దిగాం. "తప్పకుండా చూద్దాం" అన్నారు. బయటికి వచ్చాక ముగ్గురు విడివిడిగా వెనక్కి వెళ్ళి తమ సొంత పనులకి సిఫారసు లెటర్లు అడిగి తెచ్చుకున్నారు. వాళ్ళని తప్పు పట్టను, ఇంట్లో పొయ్యి మండాలి కదా. కానీ ఆ రోజు ఆ ఆఫీసులో పని జరిగింది ఆ మూడు లెటర్లకే. ఎందుకంటే అవి మూడూ ఏం కావాలో సరిగ్గా చెప్పాయి.

"ఆదుకోవాలి" అంటే ఏం చేయాలి? ఏ శాఖ, ఏ ఆర్డరు, ఎంత డబ్బు, ఎప్పటిలోగా? మేము చెప్పలేదు. చెప్పని దాన్ని ఆయన ఎక్కడ రాసుకుంటారు?

ఆ తర్వాత నాలుగైదు వారాలు నేను ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగాను. మన ప్రాంతంలో కష్టం వచ్చినప్పుడు ఎవరూ అడగకుండానే ప్రభుత్వం కదిలే సందర్భాలేమిటి? ఉన్నాయి. తుఫాను వస్తే కదులుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఎవరూ వినతిపత్రం రాయకముందే బియ్యం, పప్పు, నూనె లారీలు బయల్దేరాయి. సరిగ్గా అందాయా లేదా అన్న గొడవ వేరు. బయల్దేరాలన్న రూలు ఉంది. చేపల వేట నిషేధం ఉంది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు సముద్రంలోకి పోకూడదు, ఆ రోజులకి గాను మత్స్యకార కుటుంబానికి ఇంత అని నేరుగా ఖాతాలో పడుతుంది. ఒకప్పుడు నాలుగు వేలు, 2019లో పది వేలు, 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి ఇరవై వేలు చేసి పంపిణీ మొదలుపెట్టారు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి, రూలు నిలబడింది, పైగా మొత్తం పెరిగింది. గంగపుత్రులు ఏళ్ళ తరబడి ఒకే మాట అడిగారు కాబట్టి: "మా పని ఆగే రోజులు మీకు తెలుసు, ఆ రోజులకి లెక్క కట్టండి."

కరువుకీ రూలు ఉంది. 1866 కరువు ఒరిస్సాతో పాటు అప్పటి గంజాం జిల్లానీ ఊడ్చేసింది. ఇప్పటి ఇచ్ఛాపురం ప్రాంతం ఆనాడు గంజాంలోదే. పదేళ్ళకి 1876-78లో మద్రాసు రాష్ట్రంలో చాలా జిల్లాల్లో మళ్ళీ మహాకరువు. లక్షల మంది పోయాక, 1880లో కరువు కమిషన్ రిపోర్టు వచ్చింది, దాని మీద కరువు కోడ్‌లు రాశారు. గింజల ధర అదుపు తప్పితే, జనం ఊళ్ళొదిలి తిరగడం మొదలుపెడితే, అధికారి చూస్తూ కూర్చోకుండా పనులు తెరవాలి. పని చేయలేనివాళ్ళకీ పిల్లలకీ ఊరికే తిండి పెట్టాలి. మన మీద ఏ దయా లేని తెల్లవాళ్ళు రాసిన పుస్తకంలో కూడా "ఈ గుర్తు కనబడితే ఈ పని చెయ్యి" అని ఉంది. ఇవాళ్టి "కరువు మండలం" ప్రకటనకి మూలం అక్కడే. వాన ఇంత తగ్గితే, పంట ఇంత పోతే మండలం కరువు మండలం అవుతుంది. 2016 మేలో, స్వరాజ్ అభియాన్ అనే సంస్థ కరువు మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకెళ్ళింది: కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పిల్లలకి బడి భోజనం పెట్టాలి, వారంలో కనీసం మూడు రోజులు గుడ్డో పాలో అలాంటి పోషకాహారమో ఇవ్వాలి అంది.

ఇది చదివిన రోజు నేను ఆఫీసులో లేచి నిలబడిపోయాను. వాన పడకపోతే పిల్లలకి సెలవుల్లోనూ తిండి పెట్టాలని దేశంలో అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. మిల్లు ఆగితే? కూలి ఆగిన ఇంట్లో పొయ్యికి, వాన ఆగిన ఇంట్లో పొయ్యికి తేడా ఏమిటి? రైతు చేను ఎండితే అది కరువు. కార్మికుడి మగ్గం ఆగితే అది "యాజమాన్యానికీ కార్మికులకీ మధ్య వివాదం". వదిన కొడుకు ఏ వివాదంలో ఉన్నాడు?

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక మండలంలోనో పట్టణంలోనో పెద్ద ఉపాధి ఆగిపోతే, పదిహేను రోజుల్లో కలెక్టరు దాన్ని ఉపాధి కరువు ప్రాంతంగా ప్రకటించాలి. ప్రకటన పడిన మరుక్షణం పిల్లలకి సంబంధించి మూడు పనులు వాటంతటవే మొదలవ్వాలి. అంగన్‌వాడీ ఇండెంటు పాత రిజిస్టరు ప్రకారం కాకుండా, వచ్చి కూర్చున్న తలల లెక్కన వారంలోగా పెంచాలి. బడి భోజనం ఆదివారాలు, సంక్రాంతి సెలవులు, వేసవి సెలవుల్లోనూ ఆగకూడదు. టీసీ ఉన్నా లేకపోయినా బడి మారే పిల్లని వచ్చిన రోజునే చేర్చుకోవాలి. ఇంతే. మిల్లు ఎవరి తప్పు వల్ల ఆగింది, యూనియన్‌ది న్యాయమా, యాజమాన్యానిది న్యాయమా అన్న పంచాయితీ తేలేదాకా పిల్లలు కాచుకోనక్కర్లేకుండా ఉండాలి.

"పథకాలు ఉన్నాయి కదమ్మా" అని నాతో చాలామంది అన్నారు. ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయను. డొక్కా సీతమ్మ గారి పేరుతో నడిచే బడి భోజనం లేకపోతే మా వీధి పిల్లలు ఈ చలికాలం ఏమైపోయేవాళ్ళో తలుచుకుంటేనే భయమేస్తుంది. తల్లికి వందనం కింద ఇంట్లో చదివే ప్రతి పిల్లకీ 2025 జూన్‌లో తల్లి ఖాతాలో 13 వేలు పడ్డాయి, అది మామూలు డబ్బు కాదు. కానీ అది ఏడాదికొకసారి వచ్చేది. నవంబరులో మిల్లు ఆగితే జూన్ డబ్బు అప్పటికే ఫీజులకీ, పాత అప్పుకీ చెల్లిపోయి ఉంటుంది. పైగా ఒకటో తరగతిలో చేరని నాలుగేళ్ళ పిల్లాడికి అది వర్తించదు. రేషన్‌లో మనిషికి ఐదు కిలోల బియ్యం వస్తాయి, నిజమే. వదిన పుస్తకంలో బియ్యం ఎక్కడా తగ్గలేదని మొదట్లోనే రాశాను. తగ్గింది గుడ్డు.

ఉపాధి హామీ కూడా ఉంది కదా అంటారు. అది పల్లెలకి. మిల్లులున్న ఊళ్ళు చాలావరకు పట్టణాలైపోయాయి. అయినా అందులో మనకి పనికొచ్చే పాఠం ఒకటుంది. 2020 మేలో పట్నాల నుంచి జనం కాలినడకన ఊళ్ళకి వస్తుంటే, కేంద్రం ఉపాధి హామీకి అప్పటికప్పుడు ఇంకో 40 వేల కోట్లు కలిపింది. అదే ఏడాది రాష్ట్రాల అప్పు పరిమితిని ఆ రాష్ట్ర ఉత్పత్తిలో మూడు శాతం నుంచి ఐదు దాకా పెంచింది, అందులో కొంత షరతుల మీద. అంటే ఆదాయం పడిపోయిన ఏడాదిలో కూడా ఖర్చు పెంచడం సాధ్యమే, కావాలనుకుంటే.

డబ్బు అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను, లెక్కలు రాసేదాన్ని కాబట్టి. మా మూడు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్న పిల్లలు 214 మంది. గుడ్డు ఏడు రూపాయలు వేసుకుని, నెలకి 25 గుడ్ల చొప్పున పెడితే 37,450 రూపాయలు. ఆరు నెలలకి రెండు లక్షల పాతిక వేలు దాటదు. మా ఊళ్ళో ఒక చిన్న కల్వర్టు కూడా ఆ డబ్బుకి రాదు. ఇదే రాష్ట్రమంతా ఒకేసారి అవసరం పడితే పెద్ద మొత్తమే, ఒప్పుకుంటాను. అప్పుడు రాష్ట్రం ఒక్కటే మోయలేదు, ఢిల్లీని అడగాలి. అందుకే ఎమ్మెల్యేతో ఆగకూడదు. కేంద్ర పథకాల మీద జిల్లాలో దిశ కమిటీ అని ఒకటుంది, ఎంపీ అధ్యక్షత వహిస్తారు, మూడు నెలలకోసారి కూర్చోవాలి. అంగన్‌వాడీ, బడి భోజనం, ఆహార భద్రత అన్నీ అక్కడి అజెండాలోవే.

ఇంకొక పెద్దాయన అన్న మాట: "కరువు ప్రాంతం అని బోర్డు పెడితే ఇక్కడికి కొత్త కంపెనీ ఎవడొస్తాడు?" కరువు మండలం అని ప్రకటించిన చోట ఎరువుల కొట్టు ఎవరూ ఎత్తేయలేదు. మళ్ళీ వాన పడ్డాక అందరూ అక్కడే ఉన్నారు.

సంక్రాంతి పోయాక మళ్ళీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళాం. ఈసారి పదకొండు మందిమి, అందరం ఆడవాళ్ళమే. శాలువా లేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక ఖాతా పుస్తకం, నా చేతిలో ఒకే ఒక కాగితం. దాని మీద మేము అడిగే మూడు పనులు, 214 అంకె, అంగన్‌వాడీ వారీగా పిల్లల లెక్క. వెళ్ళేముందు రోజు రాత్రి మా ఇంట్లో కూర్చుని ఒకటే అనుకున్నాం: డ్రైనేజీ ఎత్తకూడదు, సొంత లెటర్ అడగకూడదు, ఏడవకూడదు. మూడోది చాలా కష్టమైంది.

వదిన పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "నోటీసు పడిన తేదీ ఇది బావూ. ఇక్కడ్నించి సూడండి" అని వేలు పెట్టి చూపించింది. ఆయన పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. రెండు మూడు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గుళ్ళు మొదట ఆపేశారా, గుడ్లు మొదటా?" అని అడిగారు. ఆయనకి ఆ వివరం ఎందుకో నాకు తెలియదు, కానీ ఆ ప్రశ్న విన్నప్పుడే ఈయన చదివారు అని నాకు నమ్మకం కలిగింది. మిగతా పది పుస్తకాలూ చూశారు. "ఎంతమంది పిల్లలు?" అన్నారు. 214 అన్నాం. "ఏ సెంటర్లో ఎంతమంది?" కాగితం ఇచ్చాం. ఆయన అక్కడికక్కడే అంగన్‌వాడీలు చూసే ఐసీడీఎస్ అధికారికి ఫోన్ చేశారు. పీఏ ఆ పుస్తకం ఫైల్లో పెట్టబోతే వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"పుస్తకం ఇచ్చేయండి బావూ. సాయంత్రం నూనెకి ఎల్లాల."

జెరాక్స్ తీయించి ఇచ్చాం.

ఏం జరిగిందో చెబుతాను. రెండు అంగన్‌వాడీల ఇండెంటు పది రోజుల్లో పెరిగింది. మూడోది ఫిబ్రవరి ఆఖరికి. ఇరవై రోజులు గోళీలాడిన పిల్లాడు టీసీ లేకుండానే చేరాడు. వేసవిలో బడి భోజనం మాత్రం కాలేదు, అలాంటి ఆర్డరు లేదన్నారు. అసెంబ్లీకి మా తరఫున ప్రశ్న ఇచ్చారు, అది చర్చకి రాలేదు. మా తప్పూ ఉంది. బడ్జెట్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభలో పెడతారు గానీ, శాఖలు తమ అంచనాలు పంపేది చలికాలం మొదట్లోనే. మేము సంక్రాంతి అయ్యాక కదిలాం. అప్పటికే అన్నం వార్చేశారు, ఇంకో గిద్ద బియ్యం వేయమంటే ఎక్కడ వేస్తారు?

ఈసారి దసరా తర్వాత వచ్చే పైడితల్లమ్మ సిరిమాను పండగ అయిన వారంలోనే వెళ్తాం. మిల్లు ఇప్పుడు నడుస్తోంది, రెండు షిఫ్టులు. బదిలీలను అందరినీ పిలవలేదు. నడుస్తున్నప్పుడే అడగాలని నా పట్టుదల. ఆగినప్పుడు అడిగితే జాలి పడతారు, నడుస్తున్నప్పుడు అడిగితే రూలు రాస్తారు. అసెంబ్లీలో అర్జీల కమిటీ ఉంది, దానికి నేరుగా పంపుతాం. మన రెండు జిల్లాల ఎమ్మెల్యేలు పదిహేను మందికీ అదే కాగితం ఇస్తాం, ఏ పార్టీ అని చూడం. ఎమ్మెల్సీలకీ ఇస్తాం. ప్రతి ఒక్కరినీ ఒకే ఒక్క ప్రశ్న సభలో అడగమంటాం: ఉపాధి ఆగిన చోట పిల్లల తిండికి రాష్ట్రంలో ఏదైనా నియమం ఉందా, లేకపోతే ఎప్పటికి చేస్తారు? ప్రశ్నకి ముందుగా నోటీసు ఇవ్వాలి, కాబట్టి సభ మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు.

ఉద్దానం కిడ్నీ జబ్బుల గురించి ఎన్నేళ్ళు ఎంతమంది తిరిగారో పలాస వైపు వాళ్ళని అడగండి. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల ఆసుపత్రి తెరిచారంటే దాని వెనక ఊరి పేరు, రోగి వయసు, రక్తపరీక్ష అంకె రాసిన కాగితాలెన్నో ఉన్నాయి. "మా ప్రాంతాన్ని ఆదుకోవాలి" అన్న వాక్యానికి ఆ ఆసుపత్రి రాలేదు.

ఒక విషయం నా మనసులో ముల్లులా ఉంది, అది కూడా రాసేస్తాను. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రమంతా అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు సమ్మె చేశారు. మధ్యలో ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం, పెట్టారు. అప్పుడు మేము తల్లులం ఏం చేశాం? "సెంటరు మూసేశారు, పిల్లాడిని ఎక్కడ వదలను" అని విసుక్కున్నాం. నేనూ విసుక్కున్నాను. రెండేళ్ళు తిరక్కుండా, తన కోటాకి మించి తొమ్మిది మంది పిల్లలకి గుడ్డు సగం సగం కోసి పెట్టింది ఆ సమ్మెలో కూర్చున్న మనిషే. ఈసారి ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆవిడ మాట కూడా మా కాగితంలో ఉంటుంది.

పోయిన ఆదివారం పక్క ఊరి మిల్లు వీధుల నుంచి ఆరుగురు తల్లులు మా ఇంటికి వచ్చారు. మేము చేసింది ఎవరో చెప్తే విని, తమ పుస్తకాలూ తెచ్చుకున్నారు. మా అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చూస్తూ ఏ తేదీన ఏది ఆగిందో రాసుకున్నాం. ఆరో ఆవిడ దగ్గర పుస్తకం లేదు. డిసెంబరులోనే షావుకారు ఖాతా మూసేశాడట, తర్వాత అంతా చేతిలో ఉంటే కొనడం, లేకపోతే లేదు. ముగ్గురు పిల్లల పేర్లు, వయసులు, పెద్దది ఏ రోజు నుంచి బడికి పోవడం లేదో నోటితోనే చెప్పింది. తేదీలన్నీ ఆమెకి గుర్తున్నాయి. నేను కొత్త పుస్తకం ఒకటి తీసి మొదటి పేజీలో రాసుకున్నాను.